బట్టలారేసుకునే తీగ

నేను భయస్థురాలిని. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు హాయి. మా మనవలూ మనవరాళ్ళూ "నాయనమ్మ కాలవ పనిలో మందుగుండు దగ్గర పనిచేసిందంట, ఎంత ధైర్యమో" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ధైర్యమా, పాడా! ఆ కాలవ తవ్వినన్నాళ్ళూ నాకు అన్నం సహించలేదు. పేల్చే ముందు ఊదే ఈల వినబడితే చెవులు మూసుకునేదాన్ని. మా ఆయన పొద్దున్నే చొక్కా తొడుక్కుంటుంటే, సాయంత్రం ఆ చొక్కాను నేను ఉతుకుతానా, లేక దాన్ని చూసి గుర్తుపట్టమని ఎవరైనా నా ముందుకు తెస్తారా అనే ఆలోచన రాని రోజు లేదు.

అరవైల మొదట్లో కృష్ణ మీద పెద్ద ఆనకట్ట కడుతున్నారు. దాని కుడి కాలువ మా పల్నాడు మీదుగా పోవాలి. మట్టి ఉన్నచోట జనం పలుగూ పారా పట్టి తవ్వారు. గురజాల దాటి మాచర్ల వైపు వచ్చేసరికి రాయి తగిలింది. పల్నాటి రాయి సంగతి మీకు తెలుసు కదా, పలుగు వేస్తే పలుగే వంగుతుంది. అక్కడ పేల్చక తప్పదు. పేల్చేవాడు మా ఆయన. పెళ్ళి కాకముందు సున్నపురాయి గనిలో ఆ పని నేర్చుకుని లైసెన్సు సంపాదించాడు. అందరూ తూటాల మేస్త్రి అనేవాళ్ళు. మా నాన్న నకరికల్లు దగ్గర పల్లెలో మిషను బడి పంతులు. అంత చదువుకున్న మనిషి, ఏరికోరి నన్ను తూటాల మేస్త్రికి ఇచ్చాడు. "కుదురైన పిల్లాడమ్మా" అన్నాడు. నిజమే, కుదురే. ఆ కుదురు చూసే నేను ఇంకా భయపడేదాన్ని, ఎందుకంటే తొందరపడేవాడైతే కోప్పడి ఆపవచ్చు, కుదురుగా చావు దగ్గరికి వెళ్ళే మనిషిని ఏమని ఆపుతాం?

ఇంట్లో కూర్చుని భయపడటం కన్నా కళ్ళెదుట భయపడటం నయమని నేనూ పనిలోకి వెళ్ళాను. రాతిలో లోతుగా బెజ్జాలు వేసి, వాటిలో మందుగుండు తూటాలు దించి, పైన మట్టి కూరతారు. మట్టి గట్టిగా కూరకపోతే పేలుడు బలమంతా పైకి పోతుంది, రాయి పగలదు. ఆ మట్టిని జల్లించి, తడిపి, బెజ్జంలో పట్టేంత లావు కడ్డీలుగా చుట్టడం ఆడవాళ్ళ పని. నలుగురం ఆడవాళ్ళం గట్టు మీద కూర్చుని చుట్టేవాళ్ళం. మాలో పెద్దదాన్ని అందరమూ పిన్నమ్మా అని పిలిచేవాళ్ళం. చేతులు మట్టిలో ఉండేవి, నా కళ్ళు మాత్రం కింద రాయి పేల్చే గుంటలో ఉండేవి.

పేల్చడం ఎట్లాగో నాకు మా ఆయనే చెప్పాడు. నేను వినిపించుకోనని ఎంత గింజుకున్నా చెప్పాడు, తెలిస్తే భయం తగ్గుతుందని ఆయన ఊహ. ప్రతి బెజ్జంలోనూ తూటాతో పాటు వేలెడంత రేకు గొట్టం ఒకటి ఉంటుంది. అది డిటొనేటరు. దాని నుంచి రెండు సన్నని తీగలు పైకి వస్తాయి. అన్ని బెజ్జాల తీగలూ ఒకదానికొకటి కలుపుకుంటూ వచ్చి, ఆఖరికి మిగిలిన రెండు కొసల్నీ పెద్ద కేబులుకు కలుపుతారు. ఆ కేబులు గట్టెక్కి దూరంగా రాళ్ళ చాటున ఉన్న పేల్చే పెట్టె దాకా పోతుంది. పెట్టె తిప్పితే కొంచెం కరెంటు పుడుతుంది, అది చాలు.

"ఎంత కరెంటు?" అని అడిగాను.

"టార్చిలైటులో ఉంటదే, అంత," అన్నాడు.

"అంతేనా?"

"అంతే. అందుకేనే దాన్ని పసిబిడ్డ మాదిరి కాపాడుకోవాల్సింది. పెద్ద కరెంటుతో పేలేదయితే చిన్న కరెంటుకు భయపడక్కర్లేదు. ఇది చిన్నదానికే పేలిద్ది. ఇంక పెద్దది తగిలితే అడిగేదేముంది?"

కాపాడటానికి ఆయనకు కొన్ని పద్ధతులుండేవి. డిటొనేటరు తీగల రెండు కొసల్నీ కలిపి మెలేసి ఉంచేవాడు. అట్లా మెలేసి ఉన్నంతసేపూ దారిన పోయే కరెంటు ఏదైనా తగిలినా కొస నుంచి కొసకే పోతుందట, లోపలికి దిగదట. కలపాల్సిన క్షణం వచ్చేదాకా మెలిక విప్పేవాడు కాదు. పేల్చే పెట్టె తాళంచెవిని మొలతాడుకు కట్టుకునే గుంటలోకి దిగేవాడు, ఆయన లోపల ఉండగా ఎవడూ తిప్పకుండా. ఆకాశంలో మెరుపు కనిపిస్తే పని ఆపేవాడు. జీపు దగ్గరికొస్తే చెయ్యి అడ్డంపెట్టి దూరంగా ఆపించేవాడు. ఇవన్నీ విన్నాక నా భయం తగ్గలేదు సరికదా, అంతవరకూ నేను ఒక్క పేలుడుకే భయపడేదాన్ని, ఇప్పుడు మెరుపుకూ జీపుకూ కూడా భయపడటం నేర్చుకున్నాను.

అన్నింటికన్నా ఆయనకు గిట్టనిది ఇంజను. గుంటలో ఊట ఎక్కువ. దాన్ని తోడటానికి గట్టు మీద పెట్రోలుతో నడిచే చిన్న ఇంజనూ పంపూ పెట్టారు. నూనె ఇంజన్లయితే రవ్వ లేకుండానే మండుతాయట, ఈ పెట్రోలు ఇంజనుకు రవ్వ కావాలి. లోపల మాగ్నెటో అనే చక్రం తిరిగి వేల వోల్టుల కరెంటు పుట్టిస్తుంది. అది లావుపాటి రబ్బరు వైరులో పోయి, ప్లగ్గు కొసన టప్పున రవ్వై దూకుతుంది. ఆ రవ్వకు పెట్రోలు అంటుకుంటుంది. ఇంజను కొట్టుకునే ప్రతి దెబ్బకూ ఒక రవ్వ.

"గాలిలోంచి దూకే కరెంటది," అనేవాడు మా ఆయన. "నా తీగల ఒంటి మీద కప్పిన పొర ఎంత? దానికో లెక్కా?"

అందుకని గుంటలో తీగలు కలపబోయే ముందు ఇంజను ఆపించేవాడు. ఇంజను డ్రైవరు ఆయనకు వరసకు తమ్ముడయ్యేవాడు, నన్ను వదినా అనేవాడు. ప్లగ్గు పక్కనే ఒక రేకు ముక్క ఉండేది. దాన్ని వంచి ప్లగ్గు నెత్తికి ఆనిస్తే రవ్వ పుట్టదు, ఇంజను దగ్గి దగ్గి ఆగిపోతుంది. డ్రైవరు చేత్తో ముట్టుకునేవాడు కాదు, చెప్పుతో నొక్కేవాడు. ఒకసారి చేత్తో ముట్టుకుని ఎగిరి పడ్డాడులెండి, అప్పటి నుంచి జ్ఞానం వచ్చింది.

ఇక తీగల సంగతి చెప్పాలి. పేలుడు అయ్యాక రాళ్ళ మధ్యన డిటొనేటరు తీగల ముక్కలు బారలకు బారలు దొరికేవి. ఎర్రవి, పచ్చవి, తెల్లవి, చూడటానికి ముచ్చటగా ఉండేవి. మా గుడిసెల్లో ఆ తీగతో చెయ్యని పని లేదు. తడికలు దానితోనే కట్టాం. బుట్టలు అల్లాం. తెగిన చెప్పులు బిగించాం. పిన్నమ్మ దానితో కోళ్ళ గంపకు మూత అల్లింది. దిష్టి తగలకుండా ఇంజనుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది కూడా ఆ తీగతోనే. నేను క్రైస్తవుల ఇంటి పిల్లనే అయినా, ఆ నిమ్మకాయ ఎండిపోతే కొత్తది కట్టమని నేనే గుర్తు చేసేదాన్ని, భయం అట్లాంటిది. దారానికి బదులు తీగ, పురికొసకు బదులు తీగ. కొన్నాళ్ళకు అది కరెంటు పోయే వస్తువన్న సంగతే మా కళ్ళకు ఆనడం మానేసింది. ఆఖరికి మా ఆయనకు కూడా.

ఒక రోజు రాత్రంతా వాన పడి తెల్లారింది. గుంటలో నడుం లోతు నీళ్ళు. పొద్దుటి నుంచీ ఇంజను కొట్టుకుంటూనే ఉంది. బెజ్జాలన్నీ నింపేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. నేను చుట్టిన కడ్డీలన్నీ అయిపోయాయి. మా ఆయన పైకి వచ్చి, ఇక ఇంజను ఆపమన్నాడు.

కాలవ పని చేయించే ఓవర్సీరు ఒప్పుకోలేదు. చెడ్డవాడేం కాదు, కాకపోతే ఎప్పుడూ తరుముతున్నట్టే ఉండేవాడు. "ఇంజనాపితే మేస్త్రీ, నువ్వు తీగలు కలిపేలోగా ఊట నిండిపోద్ది. జాయింట్లు నీళ్ళలో మునిగితే సగం బెజ్జాలు పేలవు. పేలనివాటిని రేపు పలుగు పెట్టి ఎవడు గెలుకుతాడు? నువ్వా నేనా?" అన్నాడు.

అదీ నిజమే. పేలని బెజ్జం పక్కన పలుగు వేసి పోయినవాళ్ళు ఉన్నారు. మా ఆయన ఇంజను వంక చూశాడు, కేబులు వంక చూశాడు. ఇంజను గట్టుకు ఆ కొసన ఉంది. కేబులు ఈ కొసన గుంటలోకి దిగుతోంది. మధ్యలో మా మట్టిగుట్ట, మేం ఆరేసుకున్న బట్టలు, అంతే.

"దూరంగానే ఉందిలే," అన్నాడు మా ఆయన. "ఈ ఒక్క పూటకి నడవనియ్."

"ఏమయ్యో, ఏందిది? నీ మాట నువ్వే తప్పుతున్నావేంది?" అని లేచాను.

"నువ్వూరుకోయే. చానా దూరముంది," అని మొలతాడుకు ఉన్న తాళంచెవి ఒకసారి తడిమి చూసుకుని నిచ్చెన దిగిపోయాడు. డ్రైవరు ఇంజనును దాని మానాన వదిలేసి టీ తాగడానికి గుడిసెల వైపు పోయాడు. ఓవర్సీరు గొడుగు కింద నిలబడ్డాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఏదో ఒక పని చేతిలో ఉంటే నయమని, పేలుడు ముందు బట్టలు తీసేయాలి కదా, రాళ్ళు పడి చిరుగుతాయి, ఆరేసిన బట్టలు తీద్దామని వెళ్ళాను.

బట్టలారేసుకునే తీగ కూడా ఆ డిటొనేటరు తీగే. బారలు బారలు అతికి పొడుగ్గా లాగి కట్టిందే. ఎవరు కట్టారో తర్వాత ఎంత అడిగినా తేలలేదు. అందరమూ దాని మీద ఆరేసుకున్నాం.

మా ఆయన పంచె తడిగానే ఉంది. అది తీయబోతూ తీగ మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది.

తేలేమోననుకున్నాను. తీగ మీద తేలేముంటుంది? మళ్ళీ వేలు ఆనించాను. చురుక్, చురుక్, చురుక్. చీమ కుట్టినట్టు కాదు, సూదితో వరసగా పొడిచినట్టు. చెయ్యి లాక్కుని వేళ్ళ వంక చూసుకుంటున్నాను. అప్పుడు చెవికి ఇంజను చప్పుడు తగిలింది. ఇంజను ఎట్లా కొట్టుకుంటోందో నా వేళ్ళకు అట్లానే తగిలింది. దెబ్బకు దెబ్బ.

పై ప్రాణాలు పైనే పోయాయి. తీగ వెంబడి చూశాను. ఒక కొస ఇంజను దగ్గర గుంజకు చుట్టి, మిగిలిన ముక్క ఇంజను మీదికి పోయి ఉంది. ప్లగ్గు వైరు ఊగకుండా డ్రైవరు తీగ ముక్కతో కట్టుకున్నాడు, ఆ కట్టుకే దీన్నీ ముడేశారు. రబ్బరు వైరు ముసలిదైపోయి నెర్రెలిచ్చింది, వానకు నాని నిగనిగలాడుతోంది. రెండో కొస ఎక్కడికి పోయిందా అని ఇటు తిరిగాను. గుంట అంచున ఒక మేకు పాతి ఉంది. తీగ దానికి కట్టి ఉంది. ఆ మేకుకే కేబులును కూడా ఒక చుట్టు చుట్టి గుంటలోకి వదిలారు, జారిపోకుండా. అక్కడ కేబులుకు అతుకు ఉంది. అతుకు మీద చుట్టిన గుడ్డ ఊడిపోయి రాగి బయటపడింది. మా బట్టల తీగా ఆ రాగీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.

కేబులు రెండో కొస గుంటలో మా ఆయన చేతిలో ఉంది. ఆయన వంగి, ఆఖరి మెలిక విప్పుతున్నాడు.

"ఏమయ్యో!" అని అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు, ఇంజను మింగేసింది. మళ్ళీ అరిచాను. ఆయన తలెత్తాడు. నన్ను చూశాడు. నేను చేతులు ఊపుతుంటే అన్నం తెచ్చాననుకున్నాడో ఏమో, వస్తన్నా ఉండు అన్నట్టు చెయ్యి చూపించి మళ్ళీ వంగాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు ఇప్పటికీ నాకు కలలోకి వస్తే లేచి కూర్చుంటాను.

తీగ తెంపుదామనుకున్నాను. తెగిన కొస ఎగిరి మళ్ళీ ఏ రాగి మీద పడుతుందో? గుంట దగ్గరికి పరిగెత్తుదామనుకున్నాను. నేను నిచ్చెన చేరేలోగా ఆయన కలిపేస్తాడు. మట్టి కూరే కర్ర కాళ్ళ దగ్గర కనిపించింది. దాన్ని పట్టుకుని ఇంజను వైపు పరిగెత్తాను. చీర కాళ్ళకు అడ్డం పడింది, మోకాలు రాతికి కొట్టుకుంది, అవేవీ నాకు అప్పుడు తెలియలేదు. "ప్రభువా, ప్రభువా" అనే మాట తప్ప నోట ఇంకేమీ రాలేదు. ఇంజను ముందు నిలబడ్డాక ఇంకో భయం. ఈ రేకు నొక్కితే ఆ కరెంటంతా ఒక్కసారి తీగలోకి పోదు కదా? నేనే పేల్చినదాన్ని కాను కదా? ఆలోచించడానికి వేళ లేదు. కళ్ళు మూసుకుని కర్రతో రేకు నొక్కాను.

ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగింది.

అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. గుంటలోంచి ఇక ఏ చప్పుడు వస్తుందోనని అట్లాగే కర్ర నొక్కిపట్టుకుని నిలబడ్డాను. వచ్చింది మా ఆయన గొంతు.

"ఎవుడ్రా ఇంజనాపింది? నీళ్ళు పైకొస్తన్నయ్!"

ఆ తిట్టు ఎంత తీయగా ఉందో ఏం చెప్పను. "నేనే! విప్పిన కొసలు మెలేసి పైకి రా! నీ కాళ్ళు మొక్కుతా, మెలేసి రా!" అని గొంతు చించుకున్నాను.

ఆయన వచ్చాడు. మొహం గంటుపెట్టుకునే వచ్చాడు. ఓవర్సీరు కూడా వచ్చి, "ఏమ్మా, బుద్ధుందా నీకు? ఊట చూడు, ఊట!" అని అందుకున్నాడు. తీగ చూపించాను. ప్లగ్గు దగ్గర ముడి చూపించాను. మేకు చూపించాను. మా ఆయన మేకు దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. మెల్లగా కేబులును అక్కడి నుంచి విడిపించి దూరంగా లాగి, దాని కొసలు మెలేశాడు. లేచేసరికి ఆయన మొహంలో నెత్తురు లేదు.

"ఆ పాటి చురుక్కుకి పేలిద్దా ఏంది మేస్త్రీ? ఆమె చేతికి తగిలింది, ఆమెకేమీ కాలేదుగా," అన్నాడు ఓవర్సీరు.

మా ఆయన మిగిలిపోయిన డిటొనేటరు ఒకటి తెచ్చాడు. బట్టల తీగను ఇంజను వైపు అట్లాగే ఉంచి, మేకు వైపు కొసను విప్పి, గుంటకు బాగా ఎడంగా మా మట్టిగుట్ట అవతలికి తీసుకుపోయాడు. డిటొనేటరును మట్టిలో పాతి, దాని ఒక తీగను బట్టల తీగకు కలిపాడు, రెండోదాన్ని తడినేలలో గుచ్చాడు. అందరినీ వెనక్కి పంపాడు. టీ తాగి వచ్చిన డ్రైవరును పిలిచి, "ఇంజను తిప్పరా," అన్నాడు. ఎట్లాగూ నీళ్ళు తోడాల్సిందే.

డ్రైవరు హాండిలు వేసి తిప్పాడు. ఇంజను టక్కుమంది. టక్ టక్ అంది. మూడో దెబ్బ వినపడకముందే గుట్ట అవతల ఠప్పున పేలి మట్టి లేచింది.

పిన్నమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. డ్రైవరు ఇంజను పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. ఓవర్సీరు గొడుగు మూసి చంకలో పెట్టుకుని, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు. నేను మా ఆయన వంక చూడలేకపోయాను. ఆ ఠప్పు గుంటలో జరగాల్సింది. గుంటలో ఒక్క డిటొనేటరు కాదు, బెజ్జానికి ఒకటి, ప్రతిదాని కిందా తూటాలు. ఆ మధ్యలో వంగి నిలబడి నన్ను చూసి నవ్విన మనిషి.

ఇంతటితో అయిపోతే ఈ కథ చెప్పుకోవడానికి బాగుండేది. అవలేదు. నింపిన బెజ్జాలు నింపినట్టే ఉన్నాయి. వాటిని వదిలేసి పోవడానికి లేదు, ఊట నిండితే రేపటికి అవి ఏమవుతాయో ఎవరికీ తెలియదు. కలిపి పేల్చాలి. కలపాలంటే దిగాలి. దిగేవాడు ఆయనే.

బట్టల తీగను మా ఆయన కొస నుంచి కొసకు చుట్ట చుట్టి పారేశాడు. కేబులు అతుకుకు కొత్త గుడ్డ చుట్టి పైన తారు పూశాడు. ఇంజను చేత నీళ్ళు అడుగంటా తోడించాడు. తర్వాత ఆపించాడు. నిచ్చెన మీద కాలు పెట్టబోతుంటే నేను ఇంజను దగ్గరికి పోయి ప్లగ్గు వైరు పట్టుకుని లాగాను. ఆ కొసా ఈ కొసా ఊడివచ్చింది. జానెడు రబ్బరు ముక్క, కొసన ఇత్తడి కొక్కెం. దాన్ని పిడికిట్లో పట్టుకున్నాను.

"ఇక ఎవడు తిప్పినా రవ్వ రాదు," అన్నాను. "పో."

మా ఆయన నా పిడికిలి వంక చూసి దిగిపోయాడు.

తెలియకముందు భయం ఒకటి. తెలిశాక దిగుతుంటే చూసే భయం వేరు. ఆయన ఒక్కో తీగా కలుపుతుంటే నా పళ్ళు కటకటా కొట్టుకున్నాయి, ఎండలో చలి పెట్టింది. ఇంతలో ఊట మొదలైంది. మా ఆయన పాదాలు మునిగాయి. చీలమండలు మునిగాయి. కలిపిన జాయింట్లకు జానెడు దిగువన నీళ్ళు కదులుతున్నాయి.

"మట్టి!" అని కింద నుంచి కేక. "మట్టి ముద్దలు వెయ్యండి!"

పిన్నమ్మా మిగిలిన ఇద్దరూ తడిమట్టి ముద్దలు చేసి అందించారు, నేను ఎడమచేత్తో ఒక్కొక్కటే గుంటలోకి జారవిడిచాను. కుడి పిడికిలి విప్పలేదు. ఆయన ఆ ముద్దల్ని నీళ్ళలో నిలబెట్టి, వాటి నెత్తిన జాయింట్లు ఆనించుకుంటూ పోయాడు. నీళ్ళు పెరిగితే ఇంకో ముద్ద.

ఓవర్సీరు నా పక్కకు వచ్చాడు. గొంతు తగ్గించి, "ఒక్క క్షణం ఆ వైరు ఇవ్వమ్మా. కాసేపు తోడి ఆపేద్దాం. జాయింట్లు మునిగితే మీ ఆయనకే కదా ప్రమాదం, రేపు పేలని బెజ్జాలు వెతికేది ఆయనే కదా," అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. దానికే నాకు ఇంకా భయమేసింది. ఇస్తే ఇప్పుడు పోతాడు, ఇవ్వకపోతే రేపు పోతాడు. ఏది పట్టుకోవాలి?

"మా ఆయన పైకొచ్చి అడిగితే ఇస్తా," అన్నాను.

"నేను ఓవర్సీర్నమ్మా."

"నువ్వు గవర్నరువైనా ఇవ్వనయ్యా! కావాలంటే నా చెయ్యి నరికి తీసుకో!" అని అరిచాను. అంత పెద్దమనిషిని ఏకవచనంలో అన్నానని తర్వాత మా నాన్న చాలా బాధపడ్డాడు. అప్పుడు మాత్రం ఓవర్సీరు గొడుగు పక్కన పారేసి, తనూ వంగి మట్టి ముద్దలు పిసకడం మొదలుపెట్టాడు.

మా ఆయన అన్నీ కలిపి పైకి వచ్చాడు. మోకాళ్ళ దాకా తడి, మోచేతుల దాకా బురద. ఈల ఊదారు. ఎర్రజెండాలు లేచాయి. అందరం రాళ్ళ చాటుకు పరిగెత్తాం. మా ఆయన మొలతాడు నుంచి తాళంచెవి తీసి పెట్టెకు పెట్టి తిప్పాడు. నేల అదిరింది. రాళ్ళు లేచి, ఎండలో ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, పడ్డాయి. పొగ తగ్గాక ఆయన ఒక్కడే గుంట అంచుకు పోయి చూసి, అన్నీ పేలాయని చెయ్యి ఊపాడు. ఒక్క బెజ్జం కూడా మిగలలేదు. డ్రైవరు ఈల వేశాడు, పిన్నమ్మ ఏడ్చింది.

డ్రైవరు నా దగ్గరికి వచ్చి, "వదినా, వైరియ్యి. నీళ్ళు తోడాలి," అన్నాడు.

ఇద్దామనే అనుకున్నాను. పిడికిలి తెరుచుకోలేదు. తెరవమని నేను చెప్తూనే ఉన్నాను, వేళ్ళు వినలేదు. డ్రైవరు నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. మా ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క వేలే విప్పాడు. ఇత్తడి కొక్కెం అరచేతిలో దిగబడి నెత్తురు చిమ్మి ఉంది. ఆయన బురద చేతులకు నా నెత్తురు అంటింది.

"అయిపోయిందే," అన్నాడు. "పేలిపోయింది. ఇంకేం లేదు. వదులు."

"రేపో?" అన్నాను.

తవ్వకం మాచర్ల వైపు ఇంకా ఎంత దూరం పోవాలో మా ఇద్దరికీ తెలుసు. అంతా రాయే.

వైరు తుడిచి డ్రైవరుకు ఇచ్చాడు. "తోడుకోరా. అయ్యాక ఊడబీకి మీ వదినకియ్యి. ఇంక రోజూ అది ఆమె చేతికొచ్చినాకే నేను దిగేది," అన్నాడు.

అప్పుడు చూశాను. నా వేళ్ళు విప్పిన ఆ చేతులు, గుంటలో అంతసేపు ఒక్కసారి కూడా తొణకని ఆ చేతులు, ఇప్పుడు ఆగకుండా వణుకుతున్నాయి. వాటిని నా ఒళ్ళోకి తీసుకుని ఆగేదాకా పట్టుకుని కూర్చున్నాను.